మూడు బంతుల స్పైరోమీటర్: ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే తెచ్చుకోవాల్సిన వస్తువు

పొట్ట మీదో ఛాతీ మీదో పెద్ద ఆపరేషన్ అయినవాళ్ల మంచం పక్కన ఓ ప్లాస్టిక్ పరికరం కనిపిస్తుంది. మూడు గదులు, గదికో బంతి, పక్కన మడతల పైపు. గంటకోసారి పీల్చమని చెబుతారు. అప్పటికి కుట్లు లాగుతుంటాయి. మత్తు పూర్తిగా దిగి ఉండదు. లోతుగా ఊపిరి తీస్తేనే నొప్పి. ఆ స్థితిలో చాలామంది పైపులోకి ఊదుతారు. బంతి కదలదు. రెండుసార్లు చూసి పక్కన పెట్టేస్తారు. యుద్ధకాలంలో శస్త్రాభ్యాసమంటే ఇదే.

అందుకే ఈ సమీక్షలో తీర్పు ముందే చెప్పేస్తున్నాం. పరికరం మంచిదే, కానీ దాని విలువ మీరు ఎప్పుడు మొదలుపెట్టారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు తెచ్చుకుని సరిగ్గా వాడితే ఉపయోగం. ఆపరేషన్ మర్నాడు మొదటిసారి చేతికొస్తే దాదాపు ఆటవస్తువే.

అసలు దీని అవసరం ఎందుకో ముందు చూద్దాం. జనరల్ అనస్థీషియా ఇచ్చాక డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి తీయించే కండరం) పట్టు సడలి పైకి జరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగు భాగాల మీద బరువు పడుతుంది. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి ఆ అడుగు భాగాలు ఎంతో కొంత ముడుచుకుపోతాయి. డాక్టర్లు దీన్ని ఎటెలెక్టాసిస్ అంటారు. చేతికో కాలికో చిన్న ఆపరేషన్ అయితే త్వరగానే తెరుచుకుంటాయి. పొట్ట పైభాగం, ఛాతీ ఆపరేషన్లలో సంగతి వేరు. నొప్పి వల్ల మనిషి పైపైన ఊపిరి తీస్తాడు, నిట్టూర్చడు, దగ్గడు. ముడుచుకున్న భాగంలో కఫం చేరుతుంది, అది న్యుమోనియాకి దారి తీయవచ్చు. లోతుగా, నిదానంగా, కాసేపు ఆపి ఊపిరి తీయడం ఈ వరుసను మొదట్లోనే తెంచే ప్రయత్నం. ఆ ఊపిరి ఎంత లోతుగా ఉందో కంటికి చూపించడమే స్పైరోమీటర్ పని. మందూ కాదు, యంత్రమూ కాదు, ఒక రకమైన అద్దం.

డబ్బా మీది అంకెలు

గదుల మీద సాధారణంగా 600, 900, 1200 అని ముద్రించి ఉంటుంది. ఈ వస్తువు విషయంలో అందరూ పొరబడేది ఇక్కడే. అవి మిల్లీలీటర్లలో ఊపిరితిత్తుల సామర్థ్యం కాదు, సెకనుకి ఎన్ని సీసీల (సీసీ అన్నా మిల్లీలీటరన్నా ఒకటే) వేగంతో గాలి లోపలికి పోతోందో చెప్పే అంకెలు. మొదటి బంతి పైకి లేచిందంటే సెకనుకి 600 సీసీల వేగం అందుకున్నారని అర్థం. రెండూ లేస్తే 900, మూడూ లేస్తే 1200.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకరు గబుక్కున పీల్చి మూడు బంతుల్నీ అర సెకను పైకి లేపారనుకోండి. లోపలికి వెళ్లిన గాలి 1200లో సగం, అంటే సుమారు 600 సీసీలు. ఇంకొకరు నిదానంగా పీల్చి మొదటి బంతిని మాత్రమే నాలుగు సెకన్లు పైన నిలబెట్టారు. లోపలికి వెళ్లింది 600 నాలుగుసార్లు, అంటే సుమారు 2,400 సీసీలు. చూసేవాళ్లకి మొదటి మనిషే గెలిచినట్టు కనిపిస్తాడు. ఊపిరితిత్తులకు మేలు జరిగింది మాత్రం రెండో మనిషికి, నాలుగు రెట్లు. పైగా గబుక్కున పీల్చినప్పుడు మెడ, భుజాల కండరాలే ఎక్కువ పనిచేస్తాయి. నిదానంగా పీల్చినప్పుడే డయాఫ్రం కిందికి దిగి గాలి అడుగు భాగాల దాకా చేరుతుంది. ముడుచుకుపోయేవి ఆ భాగాలే కదా.

మూడు బంతుల నమూనాలోని పెద్ద లోపం కూడా ఇదే. దాని ఆకారమే మనిషిని పోటీకి పురికొల్పుతుంది. మూడూ లేపాలన్న ఆరాటం పుట్టిస్తుంది. "మూడో బంతి లేపాడు, ఇంకేం, బాగానే ఉన్నాడు" అని ఇంట్లోవాళ్లు కూడా సంబరపడతారు. కాబట్టి కొన్న రోజే ఒక పని చేయండి. మూడో గది మీద బంతి కనిపించకుండా కాగితం అంటించేయండి. మొదటి రెండు వారాలు ఆ గదితో మీకు పనిలేదు.

కొనేటప్పుడు

సీల్ చేసిన ప్యాకెట్టే తీసుకోండి. ఇది ఒక్కరు వాడుకునే వస్తువు. ఇంకొకరు వాడిన పైపు, మౌత్‌పీస్ ఎంత కడిగినా తీసుకోకండి. తీశాక పరికరాన్ని అటూ ఇటూ వంచి చూడండి, బంతులు మూడూ గదుల్లో ఎక్కడా రాసుకోకుండా జారాలి. తర్వాత పైపుకి గాలి కారుతుందేమో చూడాలి. పైపును డబ్బా నుంచి విడదీసి, ఆ కొసను బొటనవేలితో గట్టిగా మూసి, మౌత్‌పీస్ వైపు నుంచి పీల్చండి. గాలి ఏమాత్రం రాకూడదు. వస్తోందంటే పైపుకి పగులైనా ఉండాలి, అతుకు వదులైనా అయి ఉండాలి. మడతల పైపు సాధారణంగా రెండు కొసల దగ్గరే చిట్లుతుంది, ఎందుకంటే పీకి పెట్టే ప్రతిసారీ వంగేది అక్కడే. గాలి కారే పైపుతో ఎంత పీల్చినా బంతి సగంలోనే ఆగిపోతుంది. మనిషేమో తన ఊపిరితిత్తులే బలహీనంగా ఉన్నాయని బెంగపడతాడు.

అడుగు వెడల్పుగా, బల్ల మీద కదలకుండా నిలబడేలా ఉండాలి. కొన్ని నమూనాల్లో గాలి లోపలికి వచ్చే రంధ్రాలు అడుగు భాగంలోనే ఉంటాయి. వాటిని దుప్పటి మీదో దిండు మీదో పెడితే రంధ్రాలు మూసుకుని బంతి బరువెక్కినట్టు అనిపిస్తుంది. గట్టి బల్ల మీద పెట్టండి, లేదా చేత్తో కంటి ఎత్తుకు పట్టుకోండి.

వాడే పద్ధతి

వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోవాలి. మంచం మీద వెనక్కి వాలి చేస్తే పొట్ట డయాఫ్రాన్ని పైకి నెడుతుంది, ఊపిరి చిన్నదవుతుంది. భోజనం చేసిన వెంటనే కూడా వద్దు. పరికరాన్ని నిలువుగా ఉంచాలి. వంచితే బంతి తేలిగ్గా లేస్తుంది, ఆ అంకెకు అర్థం ఉండదు.

మొదట మామూలుగా, నిదానంగా గాలి బయటికి వదలండి. బలవంతంగా ఖాళీ చేయనక్కర్లేదు. మౌత్‌పీస్ చుట్టూ పెదాలు గట్టిగా మూయండి, నాలుక అడ్డం రాకుండా చూసుకోండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ఇప్పుడు చిక్కటి పానీయాన్ని స్ట్రాతో పీల్చినట్టు నిదానంగా లోపలికి పీల్చండి. మొదటి బంతి పైకి వెళ్లి అక్కడే నిలవాలి, రెండోది కిందే ఉండాలి. పొట్ట మీది చెయ్యి ముందుకు కదలాలి, భుజాలు లేవకూడదు. పీల్చడం ఇక కుదరదనిపించాక మౌత్‌పీస్ తీసేసి, ఊపిరిని మూడు నుంచి అయిదు సెకన్లు బిగపట్టి, తర్వాత నెమ్మదిగా వదలండి. బిగపట్టే ఆ కొద్ది సెకన్లను చాలామంది ఎగ్గొడతారు. ఊపిరితిత్తుల్లో ముడుచుకున్న చిన్న చిన్న గాలి గదులు తెరుచుకోవడానికి సమయం కావాలి, పక్క గదుల నుంచి గాలి సర్దుకునేది అప్పుడే. అది వదిలేస్తే సగం పని వదిలేసినట్టు.

ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య కనీసం అర నిమిషం మామూలుగా ఊపిరి తీయండి. ఇలా పది ఊపిర్లు ఒక విడత. ఆపరేషన్‌కి ముందు రోజుకి మూడు నాలుగు విడతలు చాలు. ఆపరేషన్ అయ్యాక మెలకువగా ఉన్నంతసేపు గంటకో విడత చేయమని సాధారణంగా చెబుతారు.

ఎదుగుదల ఇలా ఉండాలి. మొదటి వారం మొదటి బంతి మూడు సెకన్లు నిలిస్తే చాలు. రెండో వారం అదే బంతి అయిదు సెకన్లు. అది పది ఊపిర్లలో ఎనిమిదిసార్లు కుదిరాకే రెండో బంతి జోలికి వెళ్లండి. సెకన్లు పెంచడం ముందు, బంతులు పెంచడం తర్వాత. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్లూ పెద్ద వయసువాళ్లూ మొదటి బంతి దగ్గరే నాలుగు వారాలూ గడిపినా తప్పేం లేదు.

ఎక్కడ తప్పుతుంది

ఊదడం గురించి ముందే చెప్పాం. స్పైరోమీటర్ అనగానే ఊపిరితిత్తుల పరీక్షలో గట్టిగా ఊదించే యంత్రం గుర్తొస్తుంది, అయోమయం అక్కడ మొదలవుతుంది. ఇది పీల్చే పరికరం. తలకిందులుగా పట్టుకుని ఊదే వ్యాయామం కూడా కొందరు ఫిజియోథెరపిస్టులు చేయిస్తారు, అది వాళ్లు చెబితేనే.

తల తిరగడం, పెదాల చుట్టూ లేదా వేళ్లలో చిమచిమలాడటం కనిపిస్తే ఊపిర్లు మరీ దగ్గర దగ్గరగా తీస్తున్నారని అర్థం. గబగబా లోతుగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, ఆ చిమచిమ దానివల్లే. ఆపి రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీస్తే తగ్గిపోతుంది. తర్వాతి విడతలో మధ్య విరామం ఒక నిమిషానికి పెంచండి. ఛాతీలో నొప్పి వచ్చినా, తగ్గని ఆయాసం వచ్చినా మాత్రం అది వేరే విషయం, ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి.

ముక్కు నుంచి గాలి పీలిస్తే బంతి ఊగుతుంది కానీ నిలవదు. రెండు వేళ్లతో ముక్కు మూసుకుని ఒకసారి ప్రయత్నించండి. బంతి నిలిచిందంటే తప్పు అక్కడే. అప్పుడు ముక్కుకి పెట్టే క్లిప్పు వాడుకోవచ్చు. కట్టుడు పళ్లున్నవాళ్లు పళ్లు పెట్టుకునే చేయాలి, లేకపోతే పెదాలు మౌత్‌పీస్ చుట్టూ సరిగ్గా మూసుకోవు.

శుభ్రం చేసేటప్పుడు డబ్బా మొత్తాన్ని నీళ్లలో ముంచడం ఇంకో పొరపాటు. లోపల చెమ్మ చేరితే బంతులు గోడలకు అతుక్కుంటాయి. మౌత్‌పీస్‌ని మాత్రం విడదీసి సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజూ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. డబ్బాని పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇటీవల కంటి ఆపరేషన్ అయినవాళ్లు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లు, దగ్గితే రక్తం పడేవాళ్లు, రక్తనాళంలో ఉబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టవద్దు. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు)కి ఇన్‌హేలర్ వాడేవాళ్లు వ్యాయామానికి ముందు వాడాలా, తర్వాతా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

రుజువులు ఏమంటున్నాయి

ఇక్కడ నిజాయితీగా ఉండాలి. పొట్ట పైభాగం ఆపరేషన్ల తర్వాత ఇన్సెంటివ్ స్పైరోమీటర్ (ఈ పీల్చే పరికరాల పూర్తి పేరు) వాడకంపై, వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014లో ఇచ్చిన సమీక్షలో 12 అధ్యయనాలు, 1,834 మంది రోగులు ఉన్నారు. ఊపిరితిత్తుల ఇబ్బందుల్ని ఈ పరికరం తగ్గిస్తుందనడానికి ఆధారం దొరకలేదని, ఉన్న అధ్యయనాల నాణ్యత కూడా తక్కువేనని తేల్చింది. పరికరం చేతికిచ్చి వదిలేస్తే ఫలితం ఉండదని మేం అనడానికి ఇదో కారణం.

అదే, ఆపరేషన్‌కి ముందే నేర్పితే? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 441 మందిపై జరిగి 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో అచ్చయిన ప్రయోగం ఉంది. పొట్ట పైభాగం ఆపరేషన్‌కి ఆరు వారాల లోపు ఒక్కసారి, అరగంట పాటు ఫిజియోథెరపిస్ట్ కూర్చోబెట్టి శ్వాస వ్యాయామాలు ఎందుకో ఎలాగో చెప్పారు. రెండో గుంపుకి కరపత్రం మాత్రమే ఇచ్చారు. ఊపిరితిత్తుల ఇబ్బందులు రెండో గుంపులో 27 శాతం మందికి వస్తే, ముందే నేర్చుకున్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి. ఒక్క అరగంట! తేడా తెచ్చింది ఖరీదైన పరికరం కాదు, మెలకువగా, నొప్పి లేకుండా ఉన్న సమయంలో నేర్చుకోవడం. మీరు ఏ స్పైరోమీటర్ కొన్నా, కొన్న వారంలో ఫిజియోథెరపిస్ట్ ముందు ఒకసారి వాడి చూపించండి. ఈ మొత్తం వ్యవహారంలో మీ సమయానికి అత్యధిక ప్రతిఫలం అక్కడే ఉంది.

పిస్టన్ రకం

రెండో రకం స్పైరోమీటర్‌లో బంతుల బదులు ఒక పెద్ద గొట్టంలో పిస్టన్ లేస్తుంది. గొట్టం మీద 2,500 లేదా 4,000, 5,000 మిల్లీలీటర్ల దాకా గీతలుంటాయి. ఇవి వేగం కాదు, నిజంగానే లోపలికి వెళ్లిన గాలి. పక్కన చిన్న సూచిక ఒకటి ఉంటుంది, మరీ వేగంగా పీలిస్తే అది హద్దు దాటి పైకి పోతుంది. అంటే నిదానంగా పీల్చడాన్ని పరికరమే నేర్పుతుంది. లక్ష్యం దగ్గర పెట్టుకోవడానికి జరిగే ముల్లు కూడా ఉంటుంది. వయసు, ఎత్తు బట్టి ఎంత రావాలో చెప్పే పట్టిక ప్యాకెట్‌లో వస్తుంది. ఆ పట్టికలోని అంకె సగటు మాత్రమే, దాన్ని అందుకోలేకపోతే కంగారుపడనక్కర్లేదు.

రెండూ ఎదురుగా ఉంటే మేం ఎంచుకునేది పిస్టన్ రకాన్నే. పీల్చడానికి శ్రమ తక్కువ, డయాఫ్రం కదలిక ఎక్కువ, పైన చేసిన గుణకారం అవసరమే లేదు. ఆపరేషన్‌కి ముందు 2,200 వచ్చేదని రాసి ఉంటే, ఆపరేషన్ మర్నాడు 900 వచ్చినప్పుడు ఎక్కడున్నారో, ఎక్కడికి చేరాలో సూటిగా తెలుస్తుంది. పరిమాణంలో పెద్దది, పిస్టన్ ఒక్కోసారి పక్కకు ఒరిగి ఇరుక్కుంటుంది, చిన్నగా తడితే దిగుతుంది. అంతకు మించి తప్పు పట్టడానికి లేదు. పిస్టన్ రకం దొరక్కపోతే మూడు బంతులది సెకన్లు లెక్కపెట్టుకుంటూ వాడండి, లోటేమీ ఉండదు.

స్ప్రింగు వాల్వు ట్రైనర్: ఇది వేరే జాతి

స్పైరోమీటర్ల పక్కనే దొరికే ఇంకో చిన్న గొట్టం ఉంది, పీల్చే కండరాల ట్రైనర్. లోపల స్ప్రింగుతో బిగించిన వాల్వు ఉంటుంది. నిర్ణీత బలంతో పీలిస్తేనే అది తెరుచుకుంటుంది. మరతో ఆ బలాన్ని పెంచుకోవచ్చు. సాధారణ నమూనాల్లో 9 నుంచి 41 సెంటీమీటర్ల నీటి పీడనం వరకు ఉంటుంది. స్పైరోమీటర్ ఊపిరి లోతును చూపిస్తే, ఇది పీల్చే కండరాలకు బరువు పెడుతుంది. చేతులకు డంబెల్ ఎలాగో డయాఫ్రానికి ఇది అలాగ.

దీనికి రుజువులు గట్టివి. గుండె బైపాస్‌కి వెళ్తున్న, ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువున్న 279 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగం 2006లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. కనీసం రెండు వారాలు, వారంలో ఏడు రోజులూ, రోజుకి 20 నిమిషాలు ట్రైనర్ వాడిన గుంపులో 18 శాతం మందికి ఇబ్బందులు వస్తే, మామూలు గుంపులో 35 శాతం మందికి వచ్చాయి. మొదట మనిషి పీల్చగల గరిష్ఠ బలంలో 30 శాతం దగ్గర మొదలుపెట్టి, తేలికవుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా పెంచారు.

చిక్కల్లా ఆ 30 శాతం దగ్గరే. మీ గరిష్ఠ బలమెంతో కొలవకుండా ఊహించి మర బిగిస్తే రెండు రకాలుగా చెడుతుంది. తక్కువైతే వ్యాయామమే జరగదు. ఎక్కువైతే మెడ కండరాలు పట్టేస్తాయి, తలనొప్పి వస్తుంది, మూడో రోజుకి మానేస్తారు. కాబట్టి గుండె, ఊపిరితిత్తులు, అన్నవాహిక వంటి పెద్ద ఆపరేషన్‌కి వెళ్తూ, చేతిలో రెండు వారాలకు తక్కువ కాకుండా ఉండి, కొలిచి పెట్టే ఫిజియోథెరపిస్ట్ దొరికితే ఇది కొనండి. పిత్తాశయానికి కెమెరాతో చేసే మామూలు ఆపరేషన్‌కి ఇంత అవసరం లేదు.

ఏ పరికరమూ చేయలేనివి

పొగ మానకుండా స్పైరోమీటర్ పీల్చడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మానేసిన 12 నుంచి 24 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గి, ఆక్సిజన్ మోసే శక్తి మెరుగవుతుంది. ఊపిరి దారుల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని కేశాలు కోలుకోవడానికి, గాయం మానే శక్తి తిరిగి రావడానికి వారాలు పడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సుమారు నాలుగు వారాల ముందు మానేయమంది. ఆ తర్వాత గడిచే ప్రతి పొగలేని వారం ఫలితాన్ని ఇంకా మెరుగు చేస్తుందని కూడా చెప్పింది. "ఆఖరి వారంలో మానేస్తే కఫం ఎక్కువై ఇంకా ప్రమాదం, కాబట్టి ఇప్పుడు మానొద్దు" అనే మాట ఇంకా వినిపిస్తోంది. దానికి ఆధారం లేదు. ఆలస్యమైనా మానండి. నికోటిన్ ప్యాచ్ వాడాలంటే సర్జన్‌ని అడిగి వాడండి. మద్యానికి కూడా నాలుగు వారాల గడువే మంచిది. రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్ పర్యవేక్షణలో ఆపాలి, లేకపోతే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

నడక స్పైరోమీటర్ కంటే పెద్ద మందు. మాంట్రియాల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంకో కార్లీ బృందం 77 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులతో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. వ్యాయామం, పోషణ, ఆందోళన తగ్గించే పద్ధతులు కలిపిన ఒకే కార్యక్రమాన్ని సగం మంది ఆపరేషన్‌కి సుమారు నాలుగు వారాల ముందు మొదలుపెట్టారు, మిగతా సగం ఆపరేషన్ తర్వాతే. ఎనిమిది వారాలకి చూస్తే, ముందు మొదలుపెట్టినవాళ్లలో 84 శాతం మంది తమ పాత నడక శక్తికి చేరారు లేదా దాన్ని దాటారు. తర్వాత మొదలుపెట్టినవాళ్లలో 62 శాతం.

రోజుకి 30 నిమిషాలు, వారానికి అయిదు రోజులు నడిస్తే మంచిది. వేగం ఎంతంటే మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఒక్కసారిగా 30 నిమిషాలు కుదరకపోతే పది నిమిషాలు మూడుసార్లు. దీనికి తోడు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున రెండు మూడు విడతలు. ఆపరేషన్ తర్వాత మంచం దిగడానికీ మరుగుదొడ్డి నుంచి లేవడానికీ కావాల్సింది ఆ తొడ కండరమే. రబ్బరు బ్యాండ్లు కొంటే రంగును నమ్ముకోవద్దు, ఒక కంపెనీ ఎరుపు ఇంకో కంపెనీ ఆకుపచ్చంత గట్టిగా ఉండొచ్చు. 12 నుంచి 15 సార్లు లాగేసరికి అలసట తెలిసేదే మీ బ్యాండ్.

ప్రోటీన్ పొడి అవసరమా అని అందరూ అడుగుతారు. ముందు లెక్క చూసుకోండి. ఆపరేషన్‌కి సిద్ధమయ్యేవాళ్లకి శరీర బరువులో కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ రోజూ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. తిండితోనే అంత అందుతుంటే పొడి వృథా. 20 గ్రాములు తక్కువ పడుతుంటే, ఆ లోటుకి సరిపడా మాత్రమే. డబ్బా మీద కొలత చెంచాకి ఎన్ని గ్రాముల పొడి అన్నది కాదు, ఎన్ని గ్రాముల ప్రోటీన్ అన్నది చదవండి. రెండూ ఒకటి కావు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఈ లెక్క తమ డాక్టర్‌తోనే వేయించుకోవాలి.

రక్తపరీక్షలు మాత్రం మొదటి వారంలోనే చేయించండి. ఆఖరి వారంలో హిమోగ్లోబిన్ 9 అని తెలిస్తే ఎవరూ పెద్దగా చేయగలిగింది ఉండదు, ఐరన్ మాత్రలతో అది పెరగడానికి వారాలు పడుతుంది. నాలుగు వారాల ముందు తెలిస్తే మాత్రలా, సెలైన్‌లో ఇచ్చే ఐరనా, అసలు రక్తం ఎందుకు తగ్గిందో వెతకాలా అన్నది డాక్టర్ తీరిగ్గా నిర్ణయించగలరు. చక్కెర జబ్బుకీ ఇదే వర్తిస్తుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 శాతం కంటే తక్కువ ఉండాలని చాలా మార్గదర్శకాలు కోరతాయి. అది పది రోజుల్లో దిగే అంకె కాదు.

ఆపరేషన్ రోజు సంచిలో

స్పైరోమీటర్‌ని, కడిగి ఆరబెట్టిన మౌత్‌పీస్‌ని ఒక శుభ్రమైన సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లండి. ఒక చిన్న గట్టి దిండు కూడా. ఆపరేషన్ తర్వాత దాన్ని కుట్ల మీద రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది. దగ్గడం కూడా ముందే సాధన చేయండి. గొంతు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని గట్టిగా గాలి వదలడం రెండుసార్లు, తర్వాత ఒక దగ్గు. పది ఊపిర్ల విడత అయ్యాక ఇలా చేస్తే వదులైన కఫం బయటికి వస్తుంది. నొప్పి మందు ఇచ్చాక అరగంట ఆగి విడత మొదలుపెడితే ఊపిరి లోతుగా తీయగలుగుతారు. నొప్పిని ఓర్చుకుని పైపైన పీల్చడంలో గొప్పేమీ లేదు, మందు అడగండి.

ఆపరేషన్‌కి ముందురోజు చివరి విడత అయ్యాక, పర్మనెంట్ మార్కర్‌తో డబ్బా మీద రాయండి. మీ పేరు, తేదీ, మీకు వచ్చిన అంకె. బంతుల రకమైతే "మొదటి బంతి, 6 సెకన్లు" అని, పిస్టన్ రకమైతే మిల్లీలీటర్లు. వార్డులో మిమ్మల్ని మొదటిసారి చూసే ఫిజియోథెరపిస్ట్‌కి, మిమ్మల్ని ఎక్కడిదాకా తిరిగి తీసుకెళ్లాలో ఆ రాత చూస్తే తెలుస్తుంది.